జూదశాల ఓడకి కళ్లు పెట్టిన మేస్త్రి

చోయ్ పాక్ లిన్ మేస్త్రి ఎవర్నీ నమ్మడు. ఇది నేను చాటుగా చెబుతున్న మాట కాదు. మా కొలొవాన్ దీవిలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు, ఆయన్నే అడిగినా ఒప్పుకుంటాడు. బజారులో చేప కొంటే మొప్ప ఎత్తి చూస్తాడు, కన్ను నొక్కి చూస్తాడు, ఆ తర్వాత అమ్మే ఆమె మొహాన్ని కూడా అంతసేపూ చూస్తాడు. రేడియోలో వాన లేదని చెబితే గొడుగు తీసుకుని బయల్దేరతాడు. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా, గంజిలో ఉప్పు వేశానని భార్య సౌ హా చెబితే ఓ చెంచా నోట్లో పోసుకుని చప్పరించాకే తలూపుతాడు.

"నా గంజి మీద కూడా అనుమానమే ఈ మనిషికి. నన్నింకా వదిలిపెట్టలేదంటే నేనంటే ప్రేమ కాదమ్మా, ఇంకో ఆమెని నమ్మలేక" అని సౌ హా అందరి ముందూ అనేది. ఆయన నవ్వేవాడు కాదు గానీ కోప్పడేవాడూ కాదు.

ఈ గుణం ఆయనకి పని నుంచే అంటింది. పన్నెండో ఏట మేనమామ దగ్గర బాడిసె పట్టినప్పటి నుంచి ప్రతి పలకనీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినడం అలవాటు. లోపలి పుచ్చు పైకి కనిపించదు కదా. అలా విని విని నూట పదకొండు చేపల పడవలు కట్టాడు, వయసులో ఉన్నప్పుడు రెండో మూడో సరుకుల ఓడలూ కట్టాడు. ఒక్కటి కూడా చెక్క లోపం వల్ల మనిషిని ముంచలేదు. ఆయన గొప్పగా చెప్పుకునే మాట జీవితం మొత్తం మీద ఇదొక్కటే. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు కాస్త మెత్తబడేది.

ఇక జూదశాలలంటే ఆయనకి అనుమానం కాదు, పగ. అన్న పాక్ హోంగ్‌కి పక్క షెడ్డే ఉండేది, తమ్ముడికన్నా మంచి పనివాడు. ఆదివారాలు రేవు దాటి నగరంలోకి వెళ్లి పాచికల బల్ల దగ్గర కూచోవడం మొదలుపెట్టాడు. మూడేళ్లలో షెడ్డు పోయింది, రంపాలు పోయాయి, భార్య పుట్టింటికి పోయింది. చివరికి ఒక రోజు పొద్దున్నే టీ తాగే దుకాణంలో తమ్ముడి పక్కన కూచుని, వేడి బన్ను సగం తిని, మిగతా సగం తమ్ముడి పళ్లెంలో పెట్టి లేచాడు. సరిహద్దు దాటి వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు. ఆ రోజే పాక్ లిన్ తన ఇంటి మనిషి ఎవరూ జూదశాల గడప తొక్కకూడదని ఒట్టు పెట్టించాడు. తాగునీళ్ల కోసమైనా సరే, ఎండకి నీడ కోసమైనా సరే. అప్పటికి కూతురు లాయ్ పెంగ్ నాలుగేళ్ల పిల్ల, ఆ పిల్ల చేత కూడా ఒట్టు వేయించాడు.

అలాంటి మనిషి ఇంటి ఎదుటికే జూదశాల వచ్చింది. ఎదుటి దీవి తైపాకీ మాకూ మధ్య ఒకప్పుడు సముద్రం ఉండేది. పాక్ లిన్ కొత్త పడవ కట్టినప్పుడల్లా దాన్ని మొదటిసారి అక్కడే తిప్పి చూసేవాడు. ఆ నీళ్లలో ఇసక పోశారు, ఇసక మీద మట్టి పోశారు, మట్టి మీద పిచ్చిగడ్డి మొలిచి పదేళ్లు ఊరికే ఉంది. తర్వాత ఒక్కసారిగా క్రేన్లు దిగాయి. ఆయన షెడ్డు వెనక గుట్టెక్కితే ఇరవై ఆరు క్రేన్లు కనపడేవి, నేనే లెక్కపెట్టాను. మూడు వేల గదులట, నాటకశాలట, లోపల కాలవట. పన్నెండంతస్తుల ఎత్తున నడిమి హాలట. పగలంతా పునాది స్తంభాలు దిగగొట్టే మోతకి మా ఇళ్లలో గిన్నెలు కదిలేవి. పసుపు టోపీలు పెట్టుకున్న నేపాల్ వాళ్లూ, సరిహద్దు అవతలి గట్టు నుంచి వచ్చిన కూలీలూ మధ్యాహ్నం మా వీధిలో నూడుల్స్ తిని, గోడ నీడన కునుకు తీసి పోయేవాళ్లు. పాక్ లిన్ వాళ్లతో కూడా మాట కలిపేవాడు కాదు.

ఆ ఏడు చలికాలంలో ఫోంగ్ అనే ఆయన వచ్చాడు. హాంకాంగ్ మనిషి, ఆ కట్టడంలో లోపలి అలంకరణంతా చూసేది ఆయనే. షెడ్డులో ఎండు చేపలు వేలాడుతున్నాయి. పడవలు అడిగేవాడు లేక పదేళ్లయింది. తన దగ్గర చిన్నప్పటి నుంచీ పనిచేసిన సుయ్‌తో కలిసి పాక్ లిన్ చదరంగం ఆడుతున్నాడు.

"మేస్త్రిగారూ, మాకో ఓడ కావాలండి" అన్నాడు ఫోంగ్.

"ఎక్కడికి పోవడానికి?"

"ఎక్కడికీ పోదండి. మా నడిమి హాల్లో ఉంటుంది. పాతకాలం సరుకుల ఓడ. నలభై అడుగులు. అసలు చెక్కతో, అసలు పద్ధతిలో."

పాక్ లిన్ చదరంగం పావు చేతిలో పట్టుకుని ఫోంగ్ బొటనవేలి కేసి చూశాడు. పని చేసిన వేలు కాదు.

"నీళ్లలోకి దిగని ఓడకి అసలు చెక్కెందుకయ్యా? అట్టముక్కలతో చేసి రంగెయ్యండి. మా చెవుల్లో పువ్వులు పెట్టడానికి ఇంత దూరం రావాలా?"

ఫోంగ్ నొచ్చుకోలేదు. సంచిలోంచి టీ పొట్లం తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ వస్తానని వెళ్లాడు. అది పన్నెండేళ్లు మాగబెట్టిన నల్ల టీ. పాక్ లిన్ తాగే రకం అదొక్కటే. ఆయన పొట్లం తిప్పి తిప్పి చూశాడు.

"ఇది వాడికెలా తెలుసురా?" అన్నాడు.

"దుకాణంలో ఖరీదైంది అడిగి కొనుంటాడు" అన్నాడు సుయ్.

"ఖరీదైనవి ఇరవై రకాలున్నాయి."

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గొడవ. వాళ్ల కన్ను మన షెడ్డు మీద ఉంది, ఓడ పేరు చెప్పి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు, రేపు ఈ గట్టు మీద కూడా హోటలు లేస్తుంది అంటాడు ఆయన. కాగితం నలుగురి చేతా చదివించుకో, వేలిముద్ర నీది, వెయ్యకపోతే వాళ్లేం వేలు కోసుకుపోరు అంటుంది సౌ హా. లాయ్ పెంగ్ నగరంలో ఏదో ఆఫీసులో వంటిళ్ల నమూనాలు గీసే ఉద్యోగం అని చెప్పి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేది. అన్నం తింటూ అమ్మానాన్నల వాదన విని, చేప ముల్లు తీసి తండ్రి గిన్నెలో పెట్టేది గానీ ఏ పక్కా మాట్లాడేది కాదు.

కాగితాన్ని ముగ్గురు వకీళ్లకి చూపించాడు. మూడో వకీలు రెండో వకీలుకి బంధువని తెలిసి నాలుగో వకీలుని వెతికాడు. అందరూ ఒకటే చెప్పారు, అది ఒట్టి ఓడ కోసమే. అందులో ఒక షరతు మాత్రం ఉంది. వాళ్లు ఒప్పుకున్న బొమ్మ ప్రకారమే ఓడ పూర్తి కావాలి, ప్రారంభానికి పది రోజుల ముందు అప్పగించాలి. లేదంటే ఓడని ఏం చేసినా వాళ్ల ఇష్టం.

ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో నేను చెబుతాను, ఆయన చెప్పడు కనుక. ఒక పొద్దున కర్పూర చెక్క దుంగలు లారీ మీద వచ్చి షెడ్డు ముందు దిగాయి. ఫోంగ్, "చూడండి, నచ్చకపోతే తీసుకుపోతాం" అన్నాడు. పాక్ లిన్ ఓ దుంగ దగ్గర గొంతుక్కూచుని కణుపుతో కొట్టాడు. చెవి ఆనించాడు. అలా చాలాసేపు లేవలేదు. లేచేటప్పటికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పదేళ్ల తర్వాత మంచి చెక్క చేతికి తగిలితే పనివాడు ఏమైపోతాడో పనివాడికే తెలుసు. ఇదే తన చేతి మీద ఆఖరి ఓడ అని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు.

పని మొదలైంది. అడుగు దూలం నిలబెట్టిన రోజున దానికి ఎర్రగుడ్డ కట్టి, పంది తల పెట్టి, వడ్రంగుల దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. నిప్పు మీద పలకలు కాచి వంచడం, సందుల్లో నార కూరి సున్నమూ నూనే కలిపిన ముద్ద రుద్దడం, అన్నీ పాత పద్ధతే. నీళ్లు చూడని ఓడకి సందులు మూయడం దండగని ఫోంగ్ అంటే, "కారే ఓడ నా చేత్తో చెయ్యను" అన్నాడు మేస్త్రి.

కానీ అనుమానం మాత్రం చెదలులా లోపల్లోపల తొలుస్తూనే ఉంది. కంపెనీ వాళ్లకి ఆయన గురించి తెలియంది లేదు. ఎడమ మోకాలు వంగదని సరిగ్గా పదమూడు అంగుళాల ఎత్తు పీట పంపారు. భోజనానికి మసాలా లేని బాతు మాంసం పంపారు. చావు మాటలా వినపడే నాలుగంకె ఆయనకి గిట్టదని పెట్టెల మీద నంబర్లు మూడు తర్వాత అయిదు వేసి పంపారు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా పాక్ లిన్ మొహం మాడ్చుకునేవాడు. ఇవన్నీ తెలిసిన మనిషి ఆయన లెక్కలో ఒక్కడే.

"ఎంతిస్తున్నార్రా నీకు?" అని ఓ పూట సుయ్‌ని నిలదీశాడు.

"ఏంటి ఎంతిచ్చేది?"

"నా మోకాలు, నా టీ, నా తిండీ వాళ్లకి మోసినందుకు."

సుయ్ చేతిలో ఉలి కింద పెట్టాడు. అతనికి అరవై రెండు. పదహారో ఏట నుంచీ ఆ షెడ్డే. "మేస్త్రీ, నీ అన్న పోయిన రోజు నీ పక్కన పడుకున్నవాణ్ణి నేను" అన్నాడు.

"అందుకే అడుగుతున్నా. నా గుట్టంతా తెలిసింది నీకే."

సుయ్ ఉలి తుడిచి పెట్టెలో పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. సౌ హా ఆ రోజు మొగుడికి గంజి పోయలేదు. "సుయ్ లాంటివాణ్ణి తిట్టిన నోటికి గంజెందుకు?" అంది. ఇంకేదో చెప్పబోయి కూతురి మొహం చూసి ఆగిపోయింది. లాయ్ పెంగ్ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లి చాలాసేపు కుళాయి కట్టలేదు.

ఎండాకాలం చివరికి ఓడ నిలబడింది. ఎదుటి అద్దాల గోడ ఇంకా బిగించని రోజుల్లోనే దాన్ని పెద్ద లారీ మీద హాల్లోకి చేర్చారు. ఇనప స్తంభాల మీద మనిషికి రెండింతల ఎత్తున కూచోబెట్టారు. ఆ వారమే అద్దాల గోడ మూసేశారు. పాక్ లిన్ అప్పటివరకూ ఆ కట్టడంలో అడుగుపెట్టలేదు. ఒట్టు అడ్డొచ్చింది. ఇంకా బల్లలు వెయ్యలేదు గనుక ఇది జూదశాల కాదు, ఒట్టి కట్టడమే అని తనకి తాను చెప్పుకుని లోపలికి నడిచాడు. నడుస్తూ ప్రతి స్తంభాన్నీ కణుపుతో కొట్టాడు. పాలరాయి అని చెప్పినవి సగం డొల్లగా మోగాయి. ఆయనకి లోపల ఓ సంతోషం.

మిగిలింది కళ్లు. మా తీరంలో ఏ ఓడకైనా ముందు మొనకి రెండు వైపులా చెక్క కళ్లు మేకులతో కొడతారు, అప్పటిదాకా అది ఒట్టి కలప. చేపల పడవ కళ్లు కిందికి చూస్తాయి, నీళ్లలో చేప ఎక్కడుందో వెతకాలి గనుక. సరుకుల ఓడ కళ్లు ఎదుటికి చూస్తాయి, దారి చూసుకోవాలి గనుక. ఏ మేస్త్రీ ఇవి రెండూ మార్చి పెట్టడు.

ఫోంగ్ కళ్ల బొమ్మ తెచ్చి ఇచ్చాడు. చక్కగా గీసిన బొమ్మ. తెల్లగుడ్డు, నల్లగుడ్డు, చుట్టూ ఎర్ర గీత, కొలతలు. పాక్ లిన్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. నల్లగుడ్డు కింది రెప్పకి ఆనుకుని ఉంది. కాగితం తిప్పి చూశాడు. ఎలా తిప్పినా అది కిందికే చూస్తోంది.

ఆయన నడుచుకుంటూ ఓడ ముందు మొన కిందికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి పైకి చూశాడు. తర్వాత కిందికి, నేల మీద సుద్దతో గీసిన గుర్తుల కేసి చూశాడు. బల్లలు పడే చోట్లు అవి. వందలాది చతురస్రాలు. అద్దాల తలుపు లోంచి వచ్చే ప్రతి మనిషీ ఆ మొన కిందుగానే నడిచి ఆ బల్లల మధ్యకి పోవాలి. సరుకుల ఓడకి చేపల పడవ కళ్లు ఎందుకో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఇక్కడ నీళ్లు లేవు. చేపలు ఉన్నాయి. తనలాంటివాళ్లే ఆ చేపలు, తన అన్నలాంటివాళ్లు.

"ఈ కళ్లు నేను కొట్టను" అన్నాడు.

"మేస్త్రిగారూ, ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. వాస్తు చూసే పెద్దాయన పెట్టారు."

"ఈ బొమ్మ ఆయన చూశాడా?"

"చూశారండి. ఎంత మెచ్చుకున్నారనుకున్నారు! చూపు కిందికి ఉంటే రాబడి నిలుస్తుందన్నారు. పైవాళ్లు వెంటనే సంతకం పెట్టేశారు."

పాక్ లిన్ కాగితం మడిచి ఫోంగ్ చేతిలో పెట్టాడు. "అదీ సంగతి. ఇన్నాళ్లూ షెడ్డు కోసమనుకున్నా. మీక్కావలసింది ఓడ కాదు, వల. నా చేత వల కట్టించారు."

ఫోంగ్ విసుగు దాచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. ఎల్లుండికి కళ్లు పడకపోతే కంపెనీ ఇంకో ఓడ తెప్పిస్తుంది, ప్లాస్టిక్‌ది, అవతలి గట్టు నుంచి. దాన్ని ముక్కలుగా లోపలికి తేవచ్చు. ఇది మాత్రం అద్దాల గోడ మూశాక నిండు ఓడగా బయటికి పోలేదు. రంపాలు పెట్టి కోసి తీసుకుపోవడమే.

ఆ రెండు రోజులూ పాక్ లిన్ నిద్రపోయాడో లేదో సౌ హాకే తెలుసు. ఆఖరి ఓడని రంపానికి అప్పగించాలి, లేదా మనుషుల్ని ముంచే ఓడ మొదటిసారి తన చేతి నుంచి రావాలి. మూడో దారి ఆయనకి కనపడలేదు. ముహూర్తం రోజున సంచిలో సుత్తీ మేకులూ, కర్పూర చెక్కతో చెక్కిన రెండు కళ్లూ వేసుకుని వెళ్లాడు. నల్లగుడ్డుకి ఇంకా రంగెయ్యలేదు.

"ముందు ఈ బొమ్మ గీసినవాణ్ణి నా ఎదుటికి పిలవండి. హాంకాంగ్ వాడు గీసింది కాదిది. రెప్ప వంపు మా షెడ్డు వంపు. మా పని తెలిసినవాడు ఎవడో అమ్ముడుపోయాడు. సుయ్‌గాడైతే సుయ్‌గాడే. వాడి మొహం చూసి అప్పుడు చెబుతా" అన్నాడు.

ఫోంగ్ కాగితం మూలన ఉన్న పొడి అక్షరాలు చూసి ఫోన్ చేశాడు. అయిదు నిమిషాలకి పైఅంతస్తు మెట్ల మీద నుంచి పసుపు టోపీ పెట్టుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని ఒక పిల్ల దిగింది. సగం మెట్ల మీద ఆగి, మళ్లీ దిగింది.

"నాన్నా" అంది లాయ్ పెంగ్.

పాక్ లిన్ సంచి కింద పెట్టాడు. కాసేపు ఆయన చూపు టోపీ మీదే ఉంది. "ఇక్కడేం పనే నీకు?"

"ఉద్యోగం. రెండేళ్లయింది. అమ్మకి తెలుసు."

"వంటిళ్లు గీస్తున్నానన్నావు."

"వంటిళ్లు కూడా గీస్తున్నా. ఇక్కడ పదిహేడున్నాయి."

"టీ పొడి?"

"నేనే చెప్పా."

"పీట?"

"అదీ నేనే. నువ్వు సుయ్ బాబాయిని తిట్టిన రోజు చెప్పేద్దామనుకున్నా. చెబితే ఓడ వదిలేస్తావని నోరు నొక్కుకున్నా. ఆ పాపం నాదే." ఆమె టోపీ తీసింది. "పదేళ్లుగా చూస్తున్నా నాన్నా. వారం వారం బాడిసెకి నూనె రాస్తావు, మళ్లీ పెట్టెలో పెడతావు. వీళ్లు ఓడ కావాలన్నారు. నీ పేరు చెప్పా. అంతే నేను చేసింది."

"మరి ఈ కళ్లు? వచ్చినవాళ్లని చేపల్లా చూడమని నీకెవరు నేర్పారు?"

"చేపలేంటి?" లాయ్ పెంగ్‌కి నిజంగానే అర్థం కాలేదు. "పడవ కళ్లు కిందికే కదా చూసేది? మన షెడ్డులో నేను చూసినవన్నీ కిందికే చూశాయి."

"అవి చేపల పడవలే! సరుకుల ఓడ ఎదుటికి చూస్తుంది. ఇంత చిన్న సంగతి తెలీదూ?"

"ఎవరు చెప్పారు నాకు?" అంది లాయ్ పెంగ్. ఈసారి ఆ గొంతులో కోపం కూడా ఉంది. "కళ్లు పెట్టే రోజు ఆడపిల్ల షెడ్డులో ఉండకూడదని ప్రతిసారీ బయటికి పంపి తలుపేశావు. రేకు సందులోంచి ఎంత కనపడితే అంత నేర్చుకున్నా. దానితోనే ఇది గీశా."

ఆమె పుట్టేటప్పటికి మా తీరంలో సరుకుల ఓడ కట్టించుకునేవాడే లేడు. ఆ పిల్లకి తెలిసే దారి లేదు. ఉన్న ఒక్క దారికీ పాక్ లిన్ తనే గడియ పెట్టాడు. ఇన్ని నెలలు ఎక్కడెక్కడో వెతికిన దొంగ తన గిన్నెలో చేప ముల్లు తీసిపెట్టిన చెయ్యి. సుయ్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయిన తీరు ఆయనకి కళ్ల ముందు కనపడింది.

ఫోంగ్ గడియారం చూసుకున్నాడు. "మంచిదండి, అపార్థం తొలగింది. బొమ్మ మీ ఇంటిదే. ఇంక కొట్టేద్దామా?"

"ఇలా రావే" అన్నాడు మేస్త్రి. కూతుర్ని ఓడ మొన కింద నిలబెట్టాడు. "ఇక్కడి నుంచి పైకి చూడు. నువ్వు గీసినట్టు కొడితే అవి ఎవర్ని చూస్తాయి?"

లాయ్ పెంగ్ పైకి చూసింది. చుట్టూ సుద్ద గుర్తులున్న చోట ఇప్పుడు ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లలు వరసగా ఉన్నాయి. తలుపు కేసి చూసింది. ఫోంగ్ చేతిలోంచి కాగితం తీసుకుని, ఓ బల్ల మీద పరిచి, జేబులో పెన్ను తీసి రెండు నల్లగుడ్లనీ కొట్టేసింది. పక్కన కొత్తగా గీసింది, ఎదుటికి చూస్తున్నవి. కింద పొడి అక్షరాలు వేసి తేదీ వేసింది.

"లాయ్ పెంగ్, ఆలోచించుకో. పైవాళ్లు సంతకం పెట్టిన బొమ్మ అది" అన్నాడు ఫోంగ్.

"తప్పు గీశాను సార్. సరుకుల ఓడ అని మీరే అడిగారు. సరుకుల ఓడకి ఇవీ కళ్లు. పైవాళ్లు అడిగితే నా పేరు చెప్పండి."

ఫోంగ్ ఆమె మొహం చూశాడు, గడియారం చూశాడు. తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. చేతులు కట్టుకుని పక్కకి జరిగాడు. ఆయన మంచివాడో, ముహూర్తం దాటుతుందని భయపడ్డాడో నాకు తెలీదు.

పాక్ లిన్ రంగు వేశాడు. కళ్లు కొట్టాలంటే ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి. నలభై ఆరేళ్లుగా పట్టుకున్నది సుయ్. నిచ్చెన మీద నుంచి ఆయన కిందికి చూశాడు.

"ఎక్కు" అన్నాడు కూతుర్ని.

"నేనా?"

"ఇంకెవరున్నారే ఇక్కడ? ఎక్కి పట్టుకో. కదలనివ్వకు. వేళ్లు అంచు మీదే ఉంచు, నా చూపు మునుపట్లా లేదు."

ఒక్కో కంటికి మూడు మేకులు. ఆరూ సూటిగా దిగాయి.

జూదశాల అనుకున్న రోజుకే తెరుచుకుంది. టపాకాయలు, సింహం నాట్యం, మంత్రులు. లాయ్ పెంగ్‌ని అదే నెలలో నమూనాల గది నుంచి సామాన్ల గోడౌనుకి మార్చారు. చలికాలంలో ఒప్పందం అయిపోతే పొడిగించలేదు, కారణం చెప్పలేదు. ఇప్పుడు నగరంలో నిజంగానే వంటిళ్లు గీస్తోంది. సుయ్ ఇంటికి పాక్ లిన్ కాల్చిన బాతు పట్టుకుని మూడు రోజులు వెళ్లాడు. మూడు రోజులూ తలుపు తియ్యలేదు. నాలుగో రోజు తీసి, "బాతు కోసం తీశా, నీకోసం కాదు" అన్నాడట.

ఇంక ఒట్టు సంగతి. దాన్ని మొదట తప్పింది ఆయన కూతురు, తర్వాత ఆయనే. ఆదివారం ఆదివారం జూదశాల వాళ్ల ఉచిత బస్సెక్కి ఆ హాలుకి వెళ్లి, జనం తోసుకుంటున్నా ఓడ మొన కింద నిలబడి, కళ్లజోడు సర్దుకుని పది నిమిషాలు పైకి చూసి, అటు కన్నూ ఇటు కన్నూ చూసుకుని, తిరుగు బస్సులో వచ్చేస్తాడు. ఇలా రెండు నెలలు జరిగాక కెమెరాల గదిలో వాళ్లకి అనుమానమొచ్చింది. ఒక కాపలావాడు దిగొచ్చి పక్కన నిలబడ్డాడు.

"తాతా, ఎనిమిది వారాలుగా చూస్తున్నాం. ఆడవు, తినవు, ఎవరితోనూ మాట్లాడవు. పైకి చూస్తావు, పోతావు. ఏముందక్కడ?"

పాక్ లిన్ ముందు అతని జేబు మీద పేరు చదివాడు, తర్వాత బొటనవేలు చూశాడు.

"కళ్లున్నాయి. మా అమ్మాయి గీసింది" అన్నాడు. "మీవాళ్లు కిందికి తిప్పేశారేమోనని చూసిపోతున్నా."